గేమ్ ఆర్ట్ మొదటి ఏడాది ముగిసింది, మరి నేర్చిందేమిటి? — పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వీడియో గేమ్ ఆర్ట్ డిగ్రీ చదువుతున్న పిల్లల నుంచి, వాళ్ల ఇళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. బరంపురం మొదలు సిరొంచ దాకా అన్నీ సరిహద్దు ఊళ్లవే. మొదటి ఏడాది పరీక్షలు అయిపోయి సెలవులకు ఇంటికి వచ్చిన రోజులు కదా. కొందరు పేరు వేయొద్దన్నారు కాబట్టి అందరివీ ఊరి పేరుతోనే ఇస్తున్నాం.

*ప్ర: నా హార్డ్ డిస్కులో నలభై బ్లెండర్ (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లున్నాయి. పూర్తయినవి మూడే. క్లాసులో మిగతావాళ్లు డ్రాగన్లు, రోబోలు చేసేస్తున్నారు. నా ఏడాది దండగ అయినట్టేనా? — ఒక విద్యార్థిని, బరంపురం*

జ: మూడు పూర్తి చేశారంటే దండగ కాదమ్మా. కానీ మిగతా ముప్పై ఏడూ ఎక్కడ ఆగిపోయాయో చూసుకోకపోతే రెండో ఏడాదీ ఇలాగే అవుతుంది. ఒక పూట కూర్చుని ఫైళ్లను తేదీల వరసలో పెట్టండి. ఒక్కొక్కటీ తెరిచి, నోటుబుక్కులో దాని పేరు పక్కన ఒకే ఒక్క మాట రాయండి: బ్లాకౌట్ (మోటు ఆకారం), హైపాలీ (వివరాలన్నీ ఉన్న బరువు మోడల్), లోపాలీ (గేములో వాడే తేలిక మోడల్), యూవీ (మోడల్ పైపొరను కత్తిరించి చదునుగా పరచడం), బేక్ (హైపాలీ వివరాలను లోపాలీ మీదకు దించడం), టెక్స్చర్ (పైన వేసే రంగు, మెరుపు), ఇంజన్ (గేము నడిపే సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం). ఎక్కడ ఆగితే అది.

మామూలుగా రెండు చోట్ల గుంపు కనిపిస్తుంది. హైపాలీ దగ్గర ఆగినవాటికి రిఫరెన్స్ చాలలేదని అర్థం. డ్రాగన్‌ని ఎదురుగా ఊహించుకోగలం, దాని రెక్క వీపులోకి ఎలా దిగుతుందో తెలియక చెయ్యి ఆగిపోతుంది. యూవీ దగ్గర ఆగినవాటికి విసుగే కారణమనుకుంటారు. నిజానికి లోపాలీలో అడ్డదిడ్డంగా పోయే గీతలుంటే ఎక్కడ కత్తిరించాలో ఎవరికీ తోచదు. అంటే జబ్బు ఒక మెట్టు ముందే ఉంది.

సెలవుల్లో కొత్త డ్రాగన్ మొదలుపెట్టకండి. పట్టుచీరల ఊళ్లో ఉన్నారు, ఒక మగ్గం నాడె (నేతలో దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది) తెచ్చుకోండి. కొసలకు లోహపు మొనలున్న రకం దొరికితే మరీ మంచిది. చెక్క, లోహం, కండె మీద దారం, ఇలా మూడు రకాల పదార్థాలు ఒకే వస్తువులో దొరుకుతాయి. పది రోజులు చాలు. మొదటి రోజు పక్కన స్కేలు పెట్టి పాతిక ఫొటోలు తీయండి. రెండో రోజు అసలు కొలతలతో బ్లాకౌట్. మూడు, నాలుగు రోజులు హైపాలీకి. చెక్క అంచులకు ఒకటి రెండు మిల్లీమీటర్ల బెవెల్ ఇవ్వండి, చేతుల్లో నలిగిన చెక్కకు వాడి అంచు ఉండదు. అయిదో రోజు లోపాలీ, 1500 నుంచి 2000 త్రిభుజాల లోపు. ఆరు యూవీ, ఏడు బేక్. ఎనిమిది, తొమ్మిది రోజులు టెక్స్చర్, 1024 పిక్సెళ్ల సైజుది ఒక్కటే. పదో రోజు ఇంజన్‌లో పెట్టి వెలుతురు అమర్చడం.

టెక్స్చర్ దగ్గర కాస్త ఆగండి. ఎడ్జ్ వేర్ జనరేటర్ ఒకటి తగిలించి అంచులన్నీ ఒకేలా అరగ్గొట్టడం మొదటి ఏడాది పనుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు. నాడెను చేత్తో పట్టుకుని చూడండి. పడుగు దారాల మీద జారే అడుగు భాగం నున్నగా మెరుస్తుంది. కండె కూర్చునే గుంట మూలల్లోకి వేలు పోదు, అక్కడ నూగు, దుమ్ము పేరుకుంటాయి. అడుగున రఫ్‌నెస్ (గరుకుదనం, 0 అయితే అద్దంలా మెరుస్తుంది, 1 అయితే మెరుపే ఉండదు) 0.35 ఉంటే గుంటలో 0.7 ఉండాలి. మొనలు గీతలు పడేది కొస దగ్గరే, మొదట్లో కాదు. ఈ తేడా చూపించిన ఒక్క నాడె, సగంలో ఆగిన పది డ్రాగన్ల పెట్టు.

*ప్ర: హైపాలీ నుంచి లోపాలీకి నార్మల్ మ్యాప్ బేక్ చేస్తే నల్లమచ్చలు, గీతలు వస్తున్నాయి. అన్‌రియల్ ఇంజన్‌లో పెడితే గుంటలు గుబ్బల్లా కనిపిస్తున్నాయి. ఏడాదంతా ఇదే గోల. — ఒక విద్యార్థి, గుణుపురం*

జ: ఇది ఒక జబ్బు కాదు, నాలుగైదు. విడివిడిగా పట్టుకోవాలి.

నార్మల్ మ్యాప్ అంటే ఎత్తుపల్లాలు ఎటు తిరిగాయో రంగుల్లో చెప్పే బొమ్మ. గుంటలు గుబ్బలవడం అందులోని ఆకుపచ్చ చానల్ గొడవ. బ్లెండర్ నార్మల్ మ్యాప్‌ను ఓపెన్‌జీఎల్ పద్ధతిలో రాస్తుంది, అన్‌రియల్ డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిలో చదువుతుంది. రెంటికీ ఆకుపచ్చ చానల్ తలకిందులు. ఎరుపు మాత్రం ఒకటే, అందుకే ఎడమ కుడి అంచులు బాగానే ఉండి పైకీ కిందకీ మాత్రమే వెలుతురు తిరగబడుతుంది. అన్‌రియల్‌లో ఆ టెక్స్చర్ తెరిస్తే ఫ్లిప్ గ్రీన్ చానల్ అని ఉంటుంది, టిక్కు పెట్టండి. యూనిటీ, గోడో ఇంజన్లది ఓపెన్‌జీఎల్ పద్ధతే కాబట్టి వాటికి అక్కర్లేదు.

నల్లమచ్చలకు ముందు కొలత చూడండి. బేక్ చేసేటప్పుడు లోపాలీ కాస్త ఉబ్బి, అక్కడి నుంచి లోపలికి కిరణాలు పంపి హైపాలీని తడుముతుంది. ఆ ఉబ్బే కొలతే ఎక్స్‌ట్రూజన్. హైపాలీ మీద బోల్టు తల 5 మిల్లీమీటర్లు పైకి ఉంటే ఎక్స్‌ట్రూజన్ 0.006 అయినా ఉండాలి, బ్లెండర్ లెక్క మీటర్లలో కదా. తక్కువైతే బోల్టు తల తెగిపోయి మచ్చ పడుతుంది. భయపడి 0.1 పెట్టేస్తే పక్క భాగాన్ని కూడా తడిమేసి దాని ముద్ర ఇక్కడ పడుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న భాగాలను బేక్ ముందు దూరం జరపండి, హైపాలీ లోపాలీ రెండింటినీ ఒకే కొలతలో. అంతకన్నా ముందు, రెంటికీ కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేశారా? స్కేలు 0.37 అని ఉంటే మీరు పెట్టిన మిల్లీమీటర్లకు అర్థం ఉండదు. ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేసినప్పుడు ఎర్రగా కనిపించిన ముఖాలు లోపలికి తిరిగి ఉన్నట్టు. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్ ఎన్ కొడితే చాలామటుకు సర్దుకుంటాయి.

అంచుల వెంట గీతలు వస్తే సూత్రం ఒకటే: ఎక్కడ హార్డ్ ఎడ్జ్ (వెలుతురు ఒక్కసారిగా మారే వాడి అంచు) ఉందో అక్కడ యూవీ కూడా తెగి, మధ్యలో ఖాళీ ఉండాలి. యూవీ తెగిన ప్రతిచోటా హార్డ్ ఎడ్జ్ మాత్రం అక్కర్లేదు. 90 డిగ్రీల మలుపును స్మూత్‌గా వదిలేస్తే నార్మల్ మ్యాప్‌లో చదునైన చోట కూడా రంగు పాకినట్టు కనిపిస్తుంది, ఆ మరక మీద పడే వెలుతురే మీకు వంకరగా కనిపించేది.

దూరం నుంచి చూసినప్పుడే గీత వస్తోందంటే మార్జిన్ (యూవీ ముక్క చుట్టూ రంగును పొడిగించే వెడల్పు) చాలలేదు. దూరం వెళ్లేకొద్దీ ఇంజన్ మిప్‌మ్యాప్‌లు, అంటే టెక్స్చర్ చిన్న సైజు నకళ్లు వాడుతుంది, వాటిలో పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోయి ఖాళీ రంగు లోపలికి వస్తుంది. 1024కి 8 పిక్సెళ్లు, 2048కి 16, 4096కి 32 పెట్టండి. యూవీ ముక్కల మధ్య ఖాళీ దీనికి రెట్టింపు.

చదును ముఖం మీద ఇంటూ గుర్తులాంటి నీడ వస్తే బేక్‌కు ముందే లోపాలీకి ముఖాలను త్రిభుజాలుగా కోసే ట్రయాంగ్యులేట్ మాడిఫయర్ వేయండి. నాలుగు మూలల ముఖాన్ని బ్లెండర్ ఒక మూల నుంచి, ఇంజన్ ఇంకో మూల నుంచి కోస్తే ఆ గుర్తు పడుతుంది. ఇక బ్లెండర్‌లోనే నార్మల్ మ్యాప్ పెట్టి చూస్తుంటే ఇమేజ్ నోడ్‌లో కలర్ స్పేస్ నాన్-కలర్ అని ఉందో లేదో చూడండి. ఎస్ఆర్‌జీబీ అని ఉంటే పైన చెప్పినవన్నీ సరిచేసినా బొమ్మ మసకగా, వంకరగానే ఉంటుంది. చాలామంది దీన్ని ఆఖర్న చూస్తారు, ముందు చూడాల్సింది ఇదే.

*ప్ర: మా పిలగాడిది గేమ్ ఆర్ట్ డిగ్రీల ఫస్టియర్ అయిపోయింది. ఏడాదంత పెన్సిలుతోని గీసుడు, మట్టి పిసుకుడే అంటున్నడు. కంప్యూటర్‌కే లక్ష రూపాయలు పెట్టిన. ఇది డిగ్రీయేనా, ఉత్త కోచింగా? ఎట్ల తెలుసుకోవాలె? — ఒక తండ్రి, బల్లార్పూర్*

జ: మీవి రెండు ప్రశ్నలండీ. మొదట డిగ్రీ సంగతి. 1956 నాటి యూజీసీ చట్టం సెక్షన్ 22 ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. కాబట్టి కాలేజీ బోర్డు మీద ఏం రాసుందో వదిలేసి, పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరు వస్తుందో అడగండి. మొదటి ఏడాది మార్కుల మెమో ఎవరిచ్చారో చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మెమో కాలేజీ లెటర్‌హెడ్ మీదే ఉండి ఏ యూనివర్సిటీ పేరూ లేకపోతే, కాలేజీ ఏ యూనివర్సిటీ పేరు చెబుతోందో దాని పరీక్షల విభాగానికి మీరే ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి కనుక్కోండి.

గీసుడు సంగతికొస్తే, మొదటి ఏడాది సగం టైము దానికే పోతే తప్పు లేదు. సాఫ్ట్‌వేర్ మీటలు మూడు నెలల్లో వస్తాయి, కన్ను అంత తొందరగా రాదు. నేర్చాడో లేదో మీరే పరీక్ష పెట్టొచ్చు. ఇంట్లో బిందెను పక్కకు ఒరిగించి పెట్టి గీయమనండి. మూతి గుండ్రం కోడిగుడ్డు ఆకారంలో కాకుండా సరైన ఎలిప్స్‌గా రావాలి, రెండు కొసలూ మొనదేలకూడదు. ఆ ఎలిప్స్‌లో పొట్టి అడ్డగీత ఉంటుంది చూడండి, అది బిందె నడిమి ఇరుసుతో ఒకే వరసలో ఉండాలి. మొదటి ఏడాది సరిగా చదివినవాడు ఆలోచించకుండా గీస్తాడు. కంప్యూటర్‌లో రోబో చేసి ఇది గీయలేకపోతే ఆ రోబో వీడియో చూసి అచ్చుదింపిందే.

మట్టి పని చూసి నవ్వకండి. మట్టిబొమ్మను చేతిలో తిప్పి చూసినవాడికే వెనకవైపు ఒకటుందని గుర్తుంటుంది. కాలేజీని అడగాల్సినవి వేరే ఉన్నాయి: వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు, ల్యాబ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఉందా, చెప్పేవాళ్లు విడుదలైన గేముల్లో పని చేశారా, ఆఖరి ఏడాది పిల్లల పనులు చూపిస్తారా. చివరిదానికి తడబడితే ఆలోచించండి.

*ప్ర: మా ఊరిలో పశువుల కొమ్ముతో చేసే కొంగబొమ్మని ఫోన్‌తో ఫొటోలు తీసి త్రీడీ స్కాన్ చేద్దామంటే ముద్దలు ముద్దలుగా వస్తోంది. నూట యాభై ఫొటోలు తీసినా అంతే. — పర్లాకిమిడి*

జ: మూడు వందలు తీసినా అంతే. ఫొటోగ్రామెట్రీ పక్కపక్క ఫొటోల్లో ఒకే చుక్కను గుర్తుపట్టి లెక్క కడుతుంది. పాలిష్ పెట్టిన కొమ్ము మీద కనిపించే మెరుపు బొమ్మది కాదు, మీరు కదిలితే అదీ కదులుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్నే చుక్క అనుకుని మోసపోతుంది. పైగా కొమ్ము పల్చగా ఉన్న చోట వెలుతురు లోపలికి దూరుతుంది.

సొంత బొమ్మయితే టాల్కం పౌడర్ పల్చగా చల్లి, మబ్బు పట్టిన రోజున నీడలో, ప్రతి ఫొటో ముందు ఫొటోతో 70 శాతం కలిసేలా తీయండి. ఆకారం వస్తుంది, రంగు రాదు. రంగు మీరే వేసుకోవాలి. కొట్లో బొమ్మ మీద మాత్రం పౌడర్ చల్లకండి! నిజానికి ఈ బొమ్మకు స్కాన్ దండగ. మెడ ఒక వంపు, ఒళ్లు ఒక వంపు, చేత్తో మోడల్ చేస్తే ఒక పూట పని. రఫ్‌నెస్ 0.15 నుంచి 0.25 మధ్య, నలుపు మరీ సున్నా కాకుండా 255లో 30కి తగ్గకుండా, ముక్కు కొస దగ్గర పల్చబడ్డ చోట గోధుమరంగు సబ్‌సర్ఫేస్ (వెలుతురు లోపలికి దూరే గుణం) కొంచెం.

*ప్ర: నాది 8 జీబీ ల్యాప్‌టాప్. మా దిక్కు కరెంటు ఎప్పుడు పోతదో తెల్వది, నెట్ అంతంతే. సెలవుల్ల ఇంటికాడ పని చేసుడు ఎట్ల? — సిరొంచ*

జ: మీ మెషీన్‌కు పెద్ద శత్రువు టెక్స్చర్ సైజు. 4096 చదరం టెక్స్చర్ ఒక్కటి కంప్రెస్ చేయకుండా మెమరీలో 64 ఎంబీ తింటుంది, అదే 2048 అయితే 16. నాలుగు మ్యాపులున్న మెటీరియల్ అయిదు పెడితే 4096 లెక్కన 1280 ఎంబీ అక్కడే పోయింది. మొదటి ఏడాది వస్తువుల్లో 2048 దాటాల్సినవి దాదాపు ఉండవు. సబ్‌డివిజన్ (ముఖాలను చీల్చి నునుపు చేయడం) వ్యూపోర్ట్‌లో, అంటే పని చేసే కిటికీలో 1 చాలు, రెండర్‌కే 2 పెట్టుకోండి. అన్‌రియల్ 5 ఈ మెషీన్ మీద ఏడిపిస్తుంది, ఇంట్లో ఉన్నన్నాళ్లూ గోడోలో పెట్టి చూసుకోండి. డబ్బులుంటే గ్రాఫిక్స్ కార్డు మోజు పక్కన పెట్టి, ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందో లేదో చూసి 16 చేయించండి.

కరెంటుకు: బ్లెండర్ రెండు నిమిషాలకోసారి దానంతటదే సేవ్ చేస్తుంది, ఫైల్ మెనూలో రికవర్ కింద ఆటో సేవ్‌లో ఉంటుంది. మీరు సేవ్ చేసిన ప్రతిసారీ అంతకుముందుది చివర 1 అంకెతో పక్కనే మిగులుతుంది, ఆ 1 తీసేస్తే మామూలుగా తెరుచుకుంటుంది. దాన్ని చెత్త అనుకుని తుడిచేయకండి. ఒక్కో మెట్టు దాటినప్పుడు కొత్త నంబరుతో సేవ్ యాజ్ కొట్టండి. నెట్‌కు: బ్లెండర్ మాన్యువల్ మొత్తం దించుకునే వీలుంది, కాలేజీలో ఉండగానే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. పాలీహెవెన్, యాంబియంట్‌సీజీ సైట్లలోని టెక్స్చర్లు ఉచితమే, వాడుకోవడానికి షరతుల్లేవు. చెక్క, ఇటుక, తుప్పు, మట్టి, ఒక్కోటి రెండేసి 2048లో తెచ్చుకుంటే సెలవులకు సరిపోతుంది.

*ప్ర: గ్రూప్ ప్రాజెక్టులో గోడ ముక్కలు నేను చేశాను. ఇంజన్‌లో పేర్చితే మధ్యలో సందులు, ఇటుకల వరస కలవదు. తప్పు నాదేనని గ్రూపంతా అంటోంది. — ధర్మాబాద్*

జ: తప్పు గ్రూపుది. మొదటి రోజే కొలత నిర్ణయించుకోలేదు, అంతే. మీ ముక్కల పొడవు చూస్తే 297, 302 సెంటీమీటర్లు, ఇలా ఉంటాయి. చేత్తో లాగినవి అలాగే వస్తాయి. గోడ 4 మీటర్లు, సగం గోడ 2 మీటర్లు అనుకోండి. 3 ఎందుకు కాదంటే, మీటరుకు 512 పిక్సెళ్ల లెక్కన 4 మీటర్లకు సరిగ్గా 2048 వస్తుంది, 3 మీటర్లకు 1536, అది టెక్స్చర్ సైజు కాదు. 4 మీటర్ల గోడకు టెక్స్చర్ ఒక చుట్టు పూర్తవుతుంది కాబట్టి పక్క ముక్క దగ్గర ఇటుక తెగదు. పివట్ (ముక్కను పట్టుకుని పెట్టే ఆధార బిందువు) కింది ఎడమ మూలలో, సరిగ్గా సున్నా మీద. మందం 20 సెంటీమీటర్లు ఉంచండి, ఒక్క పొర గోడలైతే లోపలికి వెలుతురు కారుతుంది. అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు, స్నాప్ (ముక్క గెంతి ఆగే దూరం) 100 మీద పెట్టి పేర్చండి. గుమ్మం అసలు కొలతకన్నా కాస్త పెద్దది, 120కి 230 సెంటీమీటర్ల దాకా పెట్టుకోండి. ఆటలో కెమెరా ఆడే పాత్రకు వెనక ఉంటుంది కదా, అసలు కొలతైతే ఇరుకనిపిస్తుంది.

ఫైళ్లు పంచుకోవడం గిట్‌హబ్‌లో అయితే 100 ఎంబీ దాటిన ఫైలును అది తీసుకోదు, ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్ల కోసం ఉన్న ఏర్పాటు) ముందే పెట్టుకోవాలి. 'ఫైనల్', 'ఫైనల్ అసలుది' లాంటి పేర్లు పెట్టినవాడికి గ్రూపు చేత టీ ఖర్చు వేయించండి.

*ప్ర: మా దగ్గర డోంగ్రియా కోంధు గిరిజనుల శాలువా ఉంది. నా క్యారెక్టర్‌కు ఆ కుట్టు పెట్టాలని. తప్పవుతుందా? ఎలా చేయాలి? — రాయగడ*

జ: ఆ శాలువా పేరు కపడాగండా, దానికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అది ఆ పేరుతో అమ్మే సరుకుకు సంబంధించిన రక్షణ. మీ చదువు పనికి అడ్డు కాకపోయినా, కుట్టినవారిని అడిగి చేయడం మర్యాద. ఆ త్రికోణాలకు, గీతలకు వాళ్ల దగ్గర అర్థాలున్నాయి. ఊహాలోకపు అడవి రాక్షసుడికి దాన్ని కప్పేస్తే మాత్రం తప్పే. పోర్ట్‌ఫోలియోలో ఎవరి కుట్టో రాయండి.

పని విషయం. ఫోన్ ఫొటో వద్దు, అంచులు వంగుతాయి. జిరాక్స్ షాపులో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటుంది, 300 డీపీఐలో 20 సెంటీమీటర్ల ముక్కను స్కాన్ చేస్తే సుమారు 2360 పిక్సెళ్లు వస్తాయి, 2048కి తగ్గించుకోండి. అంచు వరసను అడ్డంగా తిరిగి తిరిగి వచ్చేలా ఒక ట్రిమ్ షీట్ చేసుకుని, శాలువా అంచు యూవీలను అడ్డంగా తిన్నగా సాగదీసి దాని మీద పెట్టండి. కుట్టు దారం ఎత్తు నార్మల్ మ్యాప్‌లో అర మిల్లీమీటరుకు మించనివ్వకండి, అంతకు మించితే తాడు కుట్టినట్టుంటుంది. ఎరుపు దారం రంగును స్కాన్ నుంచి నేరుగా తీసుకోవద్దు, స్కానర్ దీపం దాన్ని మండిస్తుంది. బట్టను పగటి వెలుతురులో పక్కన పెట్టుకుని కంటితో సరిచూసి తగ్గించండి.

*ప్ర: ఏఐ గీసిన కాన్సెప్ట్ బొమ్మ పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చా? — జయపురం*

జ: మీరు గీసినట్టు పెట్టకండి. ఇంటర్వ్యూలో లేయర్ల ఫైలు తెరవమంటారు, ముందు వేసిన చిత్తు గీతలు చూపించమంటారు. ఎక్కడైనా వాడితే ఏ మెట్టులో వాడారో బొమ్మ కిందే రాయండి. గేము అమ్మకానికి పెట్టే దశలో కూడా గేములమ్మే సైటు స్టీమ్ 2024 జనవరి నుంచి ఏఐ వాడకాన్ని ఫారంలో చెప్పమంటోంది.